నమూనా ఆవు

జూన్ 4

ఒరేయ్ చిన్నోడా,

నా ఆవు నీ పుస్తకంలో ఎందుకుందిరా?

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు దీనికి జవాబు చెప్పు. నిన్న రైతుసంఘం ఆఫీసులో అందరితో పాటు నాకూ కొత్త ఫారం ఇచ్చారు. దాంతో పాటు ‘ఎలా నింపాలి’ అని ఒక పచ్చ అట్ట పుస్తకం. సేంద్రియ సాగు సర్టిఫికెట్ కావాలంటే ఇకమీదట ఎవరైనా సరే ఈ ఒక్క ఫారమే నింపాలట. నింపిన నమూనా పుస్తకంలో ఉంది, చూసుకోండి అన్నారు. సరేనని ఇంటికొచ్చి, కళ్లజోడు పెట్టుకుని, గడప మీద కూర్చుని పేజీ తిప్పాను. ‘ఎరువు దేని నుంచి: సొంత ఆవు నుంచి. ఆవు గుర్తింపు: ఒంటికొమ్ము.’ ఇదెవరబ్బా, నాలాగే ఒంటికొమ్ము ఆవుని పెట్టుకుంది అనుకున్నా. కింద చూస్తే ‘ఎరువు నిల్వ చేసే పాక: పడమటికి ఒరిగింది, గుంజ ఆనించాం’. ఇంకా కిందికి పోతే ‘తూర్పు పొలంలో పురుగుమందు కొడతారు, అది గాలికి ఇటు రాకుండా కంచె మొక్కలు రెండు వరుసలు వేశాం, ఒక వరుస మేక తినేసింది’. ఆ మేక కూడా నాదే! పేరూ ఊరూ చెరిపేసి చుక్కలు పెట్టావు. మా ఇంట్లో సామానంతా ఎవరో బయటికి తెచ్చి రోడ్డు మీద పరిచినట్టుంది నాకు.

‘మొదటి ఏడు నువ్వు రాసిన ఫారం ఒకసారి పంపక్కా, చూసి ఇచ్చేస్తా’ అన్నావు. చూసి ఇవ్వడమంటే అచ్చేయించడమని నాకేం తెలుసు?

ఇంకోటి. నేను ‘ఒక కొమ్ము లేదు’ అని మాత్రమే రాశాను. నువ్వేమో ‘ఎడమ కొమ్ము లేదు’ అని వేయించావు. దానికి లేనిది కుడి కొమ్మురా. ఎడమ అని నీకెవరు చెప్పారు? అసలు నువ్వు ఆ ఆవుని ఒక్కసారైనా చూశావా? ఈ పొలం కొన్నప్పట్నుంచీ ఇదిగో వస్తా, అదిగో వస్తా అంటూనే ఉన్నావు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావేమో. ఫోన్లో నువ్వు ‘ఊఁ, ఊఁ’ అంటూ పక్కన ఇంకేదో చదువుకుంటావు. కాగితాల చప్పుడు నాకు వినపడుతూనే ఉంటుంది. అందుకే నేనూ కాగితం మీదే తిడుతున్నా, చదివి చావు.

ఇది మూడో ఏడు, గుర్తుందిగా? మూడేళ్లు మందు చుక్క తగలకుండా సాగు చేస్తేనే సర్టిఫికెట్. ఈ ఏడు గట్టెక్కితే మాది సేంద్రియ పొలం, లేదంటే మళ్లీ మొదటి ఏడు నుంచి. నీ ఫారం వల్ల దానికేమన్నా అయిందో, ఊరుకోను.

మరదల్ని అడిగానని చెప్పు. నిన్ను అడగలేదు.

మీ అక్క


జూన్ 14

అక్కకి,

నీ ఉత్తరం మీ మరదలు పైకి చదివి వినిపించింది. తిట్లు వచ్చిన చోట రెండోసారి కూడా చదివింది.

దొంగతనం చేశానన్నట్టు మాట్లాడతావేంటక్కా? నేను చేసింది మర్యాద. నా పని ఏంటో నీకు సరిగ్గా తెలీదు, చెప్తా విను. మా గదిలో ఒకే ఒక్క కిటికీ. దానికడ్డంగా ఇనుప బీరువాలు. ఆ బీరువాల నిండా రకరకాల ఫారాలు. ఒక చోటివాళ్లది నాలుగు పేజీలు, ఇంకో చోటివాళ్లది కుట్టు వేసిన పుస్తకం. ఒకదాంట్లో రైతు తండ్రి పేరు మూడు చోట్ల అడుగుతారు, రైతు పేరు అడగరు. ఒకదాంట్లో ఆవు ‘యంత్రాలు, పనిముట్లు’ కింద ఉంది. వీటన్నిటినీ కలిపి ఒకే ఫారం చెయ్యమని నా నెత్తిన పెట్టారు. నా తల ప్రాణం తోకకొచ్చింది. ఎలాగోలా చేశాను.

తర్వాత ‘నింపినది ఒకటి చూపించకపోతే రైతులకి అర్థం కాదు’ అంది పెద్దమేడమ్. పాత ఫారాలన్నీ తిరగేశాను. అందరూ ‘ఉంది’, ‘లేదు’, ‘అవును’. ఒకాయన ‘ఎరువు దేని నుంచి’ అంటే ‘దేవుడి దయ వల్ల’ అని రాశాడు. నీదొక్కటే చదువుతుంటే పొలం కళ్ల ముందు కనపడింది. అంత బాగా రాసింది మా అక్క అని చెప్పుకోలేను కదా, బంధువులది వాడాడని అంటారు. అందుకని పేరు తీసేసి పెట్టాను. లోపల్లోపల ఎంత గొప్పగా అనిపించిందో నీకేం తెలుసు.

కొమ్ము సంగతి అంటావా, మేడమ్ ‘ఏ వైపు కొమ్ము? నమూనాలో సగం జవాబు ఉంటే ఎలా?’ అంది. అవతల ప్రెస్సువాడు కూర్చుని ఉన్నాడు. ఎడమ అని రాసిచ్చాను. ఉన్నవి రెండే వైపులు, ఏదైతే ఏముంది? ఆ కొమ్ముని ఎవడు చూడొచ్చాడు? వదిలెయ్.

నువ్వు మాత్రం ఫారం జాగ్రత్తగా నింపు. గడి దాటి రాయకు. పక్కన అంచుల్లో రాయకు, నీకా అలవాటుంది. అదనంగా కాగితాలు గుచ్చి పంపకు.

బావకి నమస్కారాలు. వస్తానక్కా, ఈ ఫారాల గొడవ అయిపోగానే వస్తా.

నీ తమ్ముడు


జులై 2

చిన్నోడికి,

నింపాను, ఇచ్చాను. అయితే ఆ కథ నీకు చెప్పకపోతే నా కడుపుబ్బరం తగ్గేలా లేదు.

గడి దాటొద్దన్నావు. నీ గడులు ఎంత ఉన్నాయో ఎప్పుడైనా కొలిచావా? ‘పొలం చరిత్ర’ అని అడిగి బొటనవేలంత జాగా ఇచ్చావు. ఆ పొలం చరిత్ర నేను మొదలుపెడితే నీ బీరువాలు చాలవు. మీ బావ పక్కన కూర్చుని ‘చిన్నగా రాయి, చిన్నగా రాయి’ అంటూ నా ప్రాణం తీశాడు. చీమ తలకాయంత అక్షరాలు రాశాను. పాక, కంచె, మేక, అంతా పాత ఫారంలో ఉన్నట్టే రాశాను, ఇప్పటికీ అవి అలాగే ఉన్నాయి కాబట్టి. కొమ్ము దగ్గర ‘కుడి’ అని రాశాను. నువ్వు వదిలెయ్యమన్నా నేను వదల్లేదు.

ఇవ్వడానికి వెళ్తే కౌంటర్ దగ్గర ఇంత పొడుగు వరస. నా ముందు నిలబడినావిడ తన ఫారంతో విసురుకుంటోంది. ఊరికే కంట పడింది, ‘సొంత ఆవు, ఒంటికొమ్ము, ఎడమ కొమ్ము లేదు’ అని ఉంది. ‘మీకూ ఒంటికొమ్ము ఆవుందా?’ అన్నాను ఆశగా. ‘నాకు ఆవే లేదమ్మా, కోళ్లున్నాయి’ అంది. ‘మరి ఇదేంటి?’ అంటే ‘పుస్తకంలో అలాగే ఉందిగా! వేరేగా రాస్తే వెనక్కి కొడతారట’ అంది. ఆవిడ వెనక్కి తిరిగి గట్టిగా అడిగింది, ‘ఏమయ్యా, మీరు ఆవు రాశారా?’ అని. వరసలో సగం మంది తలూపారు. ఒకాయన నా దగ్గరికొచ్చి, ‘ఒంటికొమ్ము ఆవు ఎక్కడన్నా రెండు రోజులకి అద్దెకిస్తారా అమ్మా, తనిఖీవాళ్లు వస్తే చూపించడానికి?’ అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా దగ్గరుందని మాత్రం చెప్పలేదు. చెప్తే తోలుకుపోయేలా ఉన్నాడు.

ఒరేయ్, నీ నమూనా చూసి వీళ్లు నేర్చుకోవడం లేదు, ఎక్కించేస్తున్నారు. నీకు చెప్పడం నా బాధ్యత, చెప్పాను.

ఒంటికొమ్ముకి నెలలు నిండుతున్నాయి. నడవడానికి ఆయాసపడుతోంది. దాని దగ్గరే ఉంటున్నా ఎక్కువ సేపు.

మీ అక్క


జులై 20

అక్కా,

కొంప మునిగింది.

నువ్వు రాసింది నిజం. ఫారాలు కట్టలు కట్టలుగా వచ్చిపడ్డాయి, అన్నిట్లో ఒకే ఆవు, ఒకే పాక, ఒకే మేక. ఎత్తు మీదున్న తోటవాళ్లు కూడా, తూర్పున లోయ తప్ప ఏమీ లేనివాళ్లు, ‘తూర్పు పొలంలో మందు కొడతారు’ అని రాశారు. మేడమ్ ఒక్కొక్కటే చదువుతూ మేక దగ్గరికి రాగానే పక్కన పడేస్తోంది. మొన్న అందర్నీ పిలిచి చెప్పేసింది. నమూనాతో కలిసిన ఫారం ఏదైనా సరే నకలు కిందే లెక్క. ఒకటీ అరా మాట తేడా ఉన్నా నకలే. ఆ రైతులు మళ్లీ మొదటి ఏడు నుంచి మొదలుపెట్టాలి.

నీది కూడా ఆ కట్టలోనే ఉందక్కా. నమూనాకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది నీదే, ఉండక ఏం చేస్తుంది! దాని మీద ఎర్ర సిరాతో ‘పచ్చి నకలు’ అని రాసి ఉంది.

ఒక దారి ఉంది. ఆగస్టు ఆఖరులోగా సరిదిద్దిన ఫారం ఇంకోటి ఇచ్చుకోవచ్చు. నువ్వు చెయ్యాల్సిందల్లా మూడు చోట్ల మార్చడం. ఆవుకి రెండు కొమ్ములు చేసెయ్. పాకని నిటారుగా నిలబెట్టెయ్. మేకని తీసెయ్. అంతే, నమూనాతో కలవదు, ఎవరూ నకలు అనరు. పట్టింపులకి పోకు. మూడేళ్ల కష్టం కళ్ల ముందు పోతుంటే ఒక కొమ్ము కోసం చూసుకుంటామా?

ఆ నమూనా మా అక్కదే అని నేను ఇప్పుడు చెప్పలేను. చెప్పకుండా వాడినందుకు నన్నంటారు, బంధువు ఫారం అని నీదీ పక్కన పెట్టేస్తారు. ఇద్దరం మునుగుతాం. అర్థం చేసుకో.

వెంటనే చెయ్. ఆలస్యం చెయ్యకు.

తమ్ముడు


జులై 29

తమ్ముడూ అని పిలవడానికి కూడా మనసు రావట్లేదు నాకు.

నా పొలం గురించి నేను నిజం రాస్తే అది నకలా? ఎవరి నకలు? నాకు నేనే నకలా? నువ్వు నా ఫారం తీసుకుని, పేరు చెరిపి, ఊరంతా పంచి, ఇప్పుడు ఆ ఊరందరిలా నేనూ కాపీ కొట్టానంటే, అవునండీ తప్పయింది అని ఇంకో అబద్ధం రాసివ్వాలా? ‘అది మా అక్క ఫారమే’ అనడానికి నీ నోరేమన్నా అరిగిపోతుందా?

ఈ మూడేళ్లూ ఎలా గడిచాయో నీకు తెలీదు. మొదటి ఏడు పురుగు తిన్నది పోను మాకు మిగిలింది తట్టలు లెక్కపెట్టేంత. తూర్పు పొలం ఆయన గట్టు మీద నిలబడి ‘ఒక్క పిచికారీ కొట్టమ్మా, రాత్రికి రాత్రి సర్దుకుంటుంది, ఎవరు చూస్తారు?’ అన్నాడు. నిజమే, ఎవరూ చూడరు. నేను కొట్టలేదు. వంగి వంగి చేత్తో కలుపు తీసి నా నడుం ఇప్పుడు సరిగ్గా నిలబడదు. ఎవరూ చూడకపోయినా నిజంగా ఉండాలనే కదా నేను ఇదంతా చేసింది! అలాంటిది ఆఖర్న వచ్చి, సర్టిఫికెట్ కోసం అబద్ధం రాయనా? రాయను. ఆవుకి ఒక కొమ్మే. పాక పడమటికే ఒరిగింది. మేక తినేసింది. మొదటి ఏడు నుంచి మొదలుపెట్టమంటే అలాగే పెడతాను, కానీ నీ మొహం చూడను.

నీ ఉత్తరం నాకంటే ముందు మీ బావ చదివాడు, ఎప్పట్లాగే, పోస్టాఫీసు నుంచి వస్తూ దారిలోనే. ఇంటికొచ్చి మళ్లీ చదివాడు. ‘తమ్ముడు మార్చమంటున్నాడుగా’ అన్నాడు. ‘నేను అబద్ధం రాయను’ అన్నాను. ‘అంతేనంటావా’ అన్నాడు. అంతే అన్నాను. పాక చుట్టూ తిరిగి చూసి, తాడు తీసుకుని ఎటో పోయాడు. నీకంటే ఆయనే నయం, కనీసం నోరు మూసుకుని ఉంటాడు.

మా చిన్నమ్మాయి ఇంటికి వెళ్తున్నాను. పది రోజులుండి వస్తా. నీ ఉత్తరాలూ ఫారాలూ నా కంటికి కనపడకుండా ఉంటాయి.

అక్క


ఆగస్టు 8

అక్కా,

చెప్పేశాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని రెండు రోజులు ఆఫీసుకి వెళ్లొచ్చాను. ‘నాకు నేనే నకలా’ అన్నావు చూడు, ఆ మాట నన్ను అన్నం తిననివ్వలేదు. మూడో రోజు మేడమ్ గదిలోకి వెళ్లి నిలబడ్డాను. ‘ఆ నమూనా మా అక్కదండీ. ఆవిడని అడక్కుండా నేనే వాడాను. ఆ కట్టలో ఉన్న పచ్చి నకలు అసలుదండీ’ అన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ‘అయితే ఆ ఆవు నిజంగా ఉందా? నేనింకా మీరు కల్పించారనుకున్నా’ అంది. ఉందన్నాను. ‘మీరు చూశారా?’ అంది. లేదని తల అడ్డంగా ఊపాను. ‘ఆవు ఉంటే మీ అక్క ఫారం నిజం. లేకపోతే ఆవిడ సర్టిఫికెట్ సంగతీ, మీ ఉద్యోగం సంగతీ కలిపి మాట్లాడుకుందాం’ అంది.

మీ దగ్గరికి తనిఖీకి గొడుగాయన వస్తున్నాడు. ఎండైనా వానైనా చేతిలో గొడుగుంటుంది, అందుకని ఆ పేరు. చాలా కచ్చితమైన మనిషి, పైగా ఇప్పుడు మండిపడుతున్నాడు. ఈ నెలంతా ఒంటికొమ్ము ఆవు ఉందన్న ఊళ్లన్నీ తిరిగాడు. ఒకచోట ‘ఇప్పుడే మేతకెళ్లిందండీ’ అన్నారట. ఇంకోచోట కొమ్ముకి గుడ్డ చుట్టి చూపించారట. ఒకాయన ‘ఆ కొమ్ము మళ్లీ మొలిచిందండీ’ అన్నాడట. ఇక ఆవు మాటెత్తితే ఆయన కొట్టేలా ఉన్నాడు.

అందుకని నీ కాళ్లు పట్టుకుంటా, నేను ముందు రాసిందంతా మర్చిపో. ఏదీ మార్చకు. పొలంలో ఒక్క మేకు కూడా కదపొద్దు. నువ్వు రాసినట్టే ఉండాలి అంతా. ఉంటుందని నాకు తెలుసు, నువ్వు మార్చే మనిషివి కాదు. ఆ ఒక్క ధైర్యంతోనే ఉన్నాను.

నీ తమ్ముడు


ఆగస్టు 9

ఒరేయ్,

ఇది చదివాక నువ్వు కూర్చోవాల్సొస్తుంది, ముందే కూర్చో.

నిన్న ఇంటికొచ్చాను. మలుపు తిరగ్గానే ఏదో తేడాగా అనిపించింది. వేరే ఎవరి ఇంటికో వచ్చానా అనుకున్నా. పాక నిటారుగా నిలబడి ఉంది! గుంజ తీసేశారు, కొత్త తాటాకులు వేశారు, తలుపుకి రంగు కూడా. కంచె మొక్కలు రెండు వరుసలూ పచ్చగా ఉన్నాయి. మేక లేదు. పాక ముందు ఒక ఆవు నెమరేస్తోంది, రెండు కొమ్ములతో. నన్ను చూసి ఎవరు నువ్వు అన్నట్టు మొహం తిప్పుకుంది.

‘ఏంటిది?’ అన్నాను మీ బావని. ఆయన చేతికి రంగు మరకలు. ఎంత సంతోషంగా ఉన్నాడంటే, తిట్టబోయి ఆగాను. ‘నువ్వేమో అబద్ధం రాయనన్నావు. వాడేమో ఆవుకి రెండు కొమ్ములు చెయ్యమన్నాడు, పాక నిలబెట్టమన్నాడు. ఇద్దరిదీ న్యాయమే కదా. అందుకని పొలాన్నే మార్చేశాను. ఇప్పుడు నువ్వు చూసింది చూసినట్టు రాయి, అంతా నిజమే’ అన్నాడు.

ఏం చెప్పమంటావురా ఈ మనిషికి? ముప్పై ఏళ్లయింది కట్టుకుని, ఇప్పటికీ నాకు అంతుపట్టడు. నువ్వు కాగితం మీద మార్చమన్నావని ఆయన బుర్రకి తట్టనే లేదు. తట్టదు కూడా, ఆయనకి కాగితం మీద వేరే పొలం ఉంటుందని తెలీదు.

ఒంటికొమ్ము కాలవ అవతల మా మరిది ఇంట్లో ఉంది. నిండు చూలాల్ని అంత దూరం నడిపించాడు! తీసుకురమ్మని గోల పెడితే, పశువుల డాక్టరు వచ్చి చూసి, ఈనేదాకా కదపడానికి వీల్లేదన్నాడు. మరిదికి వాళ్ల ఆవు ఇక్కడున్నా పట్టింపు లేదు. నాకే దీని మొహం చూస్తుంటే ఒళ్లు మండిపోతోంది.

ఇప్పుడు చెప్పు, నేనేం రాయను? నాది కాని ఆవుకి రెండు కొమ్ములున్నాయని రాయనా? నీకు పుణ్యముంటుంది, ఈ ఒక్క నెల ఎవరినీ మా పొలం వైపు పంపకు.

మీ అక్క


ఆగస్టు 18

చిన్నోడా,

‘ఒక్క మేకు కూడా కదపొద్దు’ అన్న నీ ఉత్తరం అందింది. ఎప్పుడందిందో తెలుసా? గొడుగాయన మా అరుగు మీద కూర్చుని నీళ్లు తాగుతున్నప్పుడు. ఆయన ముందే చదువుకున్నాను, మొహంలో ఏం కనపడిందో ఏమో.

పొద్దున్నే వచ్చాడాయన. మబ్బు లేదు, ఎండ ఎక్కలేదు, గొడుగు మాత్రం వేసుకునే ఉన్నాడు. ఒక చేతిలో నా ఫారం, ఇంకో చంకలో నీ పచ్చ అట్ట పుస్తకం. గేటు దగ్గరే నిలబడి చదివాడు, ‘పాక పడమటికి ఒరిగింది’ అని. తలెత్తి చూశాడు. పాక సైనికుడిలా నిలబడి ఉంది. ‘మేక?’ అన్నాడు. లేదన్నాను. ‘ఆవు?’ అన్నాడు. మా మరిది ఆవు రెండు కొమ్ములూ ఊపింది. ఆయన పుస్తకం మూసేశాడు. ‘ఈ నెలంతా తిరిగానమ్మా. ఆవు లేని ప్రతి ఇంట్లోనూ ఆవు గురించి ఒక కథ ఉంది. మీదీ చెప్పండి, వినేసి పోతాను’ అన్నాడు.

నిజం చెప్తే అందరి కథల్లోకీ మాదే పెద్ద కట్టుకథలా ఉంటుంది. మూడేళ్లు నా కళ్ల ముందే పోయాయనుకున్నాను. ఏడుపొచ్చేసింది, పైట అడ్డం పెట్టుకున్నా.

అప్పుడు మీ బావ ముందుకొచ్చాడు. నాతోనే నాలుగు మాటలు మాట్లాడని మనిషి, ఆయనతో మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు. నీ ఉత్తరం, నా మొండితనం, తాడు తీసుకుపోవడం, రంగు ఎక్కడ కొన్నాడో, ఏదీ వదల్లేదు. గొడుగాయన ‘అంటే, ఆవిడ ఫారం మార్చనన్నారని మీరు పొలం మార్చారా?’ అన్నాడు. ‘మరేం చెయ్యమంటారండీ, ఆవిడ అబద్ధం రాయదు’ అన్నాడు మీ బావ. ఆయన గొడుగు మూశాడు. ‘ఇది కల్పించడం ఎవరి వల్లా కాదు. పదండి, చూపించండి’ అన్నాడు.

కాలవ గట్టు మీద ముగ్గురం నడిచాం. ఒంటికొమ్ము చెట్టు నీడలో నిలబడి ఉంది, పొట్ట కిందికి జారిపోయి. నన్ను చూసి అరిచింది. గొడుగాయన దాని ముందుకెళ్లాడు, వెనక్కెళ్లాడు, మళ్లీ ముందుకొచ్చాడు. నీ పుస్తకం తెరిచాడు, నా ఫారం తెరిచాడు, రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆవు తలకేసి చూశాడు. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడురా! నవ్వీ నవ్వీ గడ్డి తొట్టి మీద కూలబడ్డాడు. ‘అమ్మా, అన్ని వందల ఫారాల్లోనూ ఎడమ కొమ్మే లేదు. మీ ఒక్కరి దాంట్లోనే కుడి అని ఉంది. ఈవిడకి నకలు రాయడం కూడా సరిగ్గా రాలేదే అనుకున్నాను’ అన్నాడు. లేచి వెళ్లి, ఆ కొమ్ము లేని చోట చెయ్యి పెట్టి తడిమి చూశాడు. ఆవు ఊరుకుంది.

అక్కడే ఫారంలో రాశాడు: ‘ఆవును స్వయంగా చూశాను. లేనిది కుడి కొమ్ము. నమూనాలో ఉన్నది తప్పు.’ గడి చాలక అంచులోకి పోయింది రాత. ‘గడి దాటకూడదటగా అండీ’ అన్నాను. ‘పట్టలేదమ్మా, ఏం చెయ్యను’ అన్నాడు.

తర్వాత పొలమంతా తిరిగి, మట్టి తీసుకుని పొట్లాలు కట్టుకుని వెళ్లాడు. ఏమవుతుందో చెప్పలేదు. నువ్వు చెప్పేశానన్నావు చూడు, అది చదివాక నీ మీద కోపం సగం దిగింది. సగం ఉంది, అలాగే ఉంచుకుంటా కొన్నాళ్లు.

అక్క


సెప్టెంబర్ 6

అక్కా,

వచ్చేసింది! నీ మూడేళ్లూ లెక్కలోకి వచ్చాయి. మట్టిలో మందు జాడ లేదన్నారు. సర్టిఫికెట్ మీద మేడమ్ నా ముందే సంతకం చేసింది. పోస్టులో వేశాను, ఈ ఉత్తరం వెనకాలే వస్తుంది.

ఇక నా సంగతి. గొడుగాయన రిపోర్టు అందరి ముందూ చదివారు. ‘నమూనాలో ఉన్నది తప్పు’ అన్న చోట గదంతా నా వైపు చూసింది. నాకు మెమో ఇచ్చారు. చూడని విషయాన్ని చూసినట్టు రాసినందుకు, అడక్కుండా వాడినందుకు. అన్ని వందల మంది చేత ఒకే తప్పు రాయించింది నేనేనట. ఏం అనను, నిజమేగా. ఫారాల గదిలోంచి తీసి గొడుగాయన వెంట తనిఖీలకి వేశారు. ఆయన గొడుగు పట్టుకుని నడుస్తాడు, నేను సంచీ మోస్తూ వెనకాల. పొలానికి పోయాక ఆయన నన్ను అడిగే మొదటి మాట ‘చూసి చెప్పండి’. చూడకుండా ఊహించి చెప్తే ఒప్పుకోడు.

ఫారం మాత్రం బాగుపడిందనుకోకు. పోయే ముందు నా చేతే మార్పించారు. ఇక పొరపాటు జరగకూడదని మేడమ్ ప్రతి ప్రాణికీ కొమ్ముల గడి పెట్టించింది. ఆవుకి, గేదెకి, మేకకి, కోడికి కూడా. కోడి దగ్గర ‘వర్తించదు’ అని రాయాలట, ఖాళీగా వదిలితే ఫారం వెనక్కి. నెత్తీ నోరూ కొట్టుకున్నాను, వినలేదు.

మీ పొలానికి తనిఖీకి నేను రాకూడదట, బంధువులం కదా. మళ్లీ రాలేకపోతున్నానని తిట్టకు.

బావని నా తరఫున ఏమీ అనకు. ఈ మొత్తంలో చెప్పింది చెప్పినట్టు చేసింది ఆయనొక్కడే.

నీ తమ్ముడు


సెప్టెంబర్ 15

ఒరేయ్ చిన్నోడా,

సర్టిఫికెట్ అందింది. మీ బావ దానికి అద్దం కట్టించి పాకలో తగిలించాడు. ఇంట్లో పెట్టుకోవాలిగా అంటే, ‘ఆవుదే కదా’ అన్నాడు. తూర్పు పొలం ఆయన వచ్చి చూసి, కంచె మొక్కలు ఎక్కడ దొరుకుతాయని అడిగి వెళ్లాడు.

ఒంటికొమ్ము ఈనింది. పెయ్యదూడ. ఇద్దర్నీ మొన్న ఇంటికి తెచ్చుకున్నాం, మరిది ఆవుని పంపించేశాం. మేక కూడా వచ్చేసింది, వచ్చీ రాగానే మళ్లీ కంచె మీద పడింది. పాక అప్పుడే కొంచెం పడమటికి జరిగినట్టు నా అనుమానం.

నీ కొత్త ఫారం కూడా చేతికొచ్చింది. బాగానే అఘోరించావు. కోళ్లకి ‘వర్తించదు’ అని రాశాను. దూడ దగ్గరే ఆగిపోయాను. ‘కుడి, ఎడమ, రెండూ, వర్తించదు’ అని నాలుగే పెట్టావు. దానికింకా కొమ్ములు రాలేదురా. రెండూ వస్తాయో, తల్లికిలాగే ఒకటే వస్తుందో నాకు మాత్రం ఏం తెలుసు? ‘ఇంకా రాలేదు’ అనే గడి నీ ఫారంలో లేదు.

అందుకని ఆ గడి ఖాళీగా వదిలేశాను. తనిఖీకి రావద్దన్నారు, తమ్ముడివి రావద్దనలేదుగా. వచ్చి, దూడ తల మీద చెయ్యి పెట్టి చూసి, నీ చేత్తో నువ్వే నింపు. కొమ్ములు వచ్చేదాకా ఆగాలంటే ఆగు, వరండాలో మంచం వేసి ఉంచాను. చూడకుండా మాత్రం రాయకు.

మీ అక్క